కారణం తర్వాత వెతుకుదాం, ముందు కంచం దగ్గర కూర్చుందాం

(బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో తెలుగు కుటుంబాలు ఆదివారం పెట్టుకున్న సమావేశంలో ఒక క్లినికల్ సైకాలజిస్ట్ మాట్లాడిన మాటలు. రికార్డింగ్ నుంచి రాసినవి.)

నమస్కారమండి. వెనక వరసలో వాళ్లకి వినిపిస్తోందా? సరే. భోజనాలకు ముందు నా ప్రసంగం పెట్టారు, అదీ తిండి గురించి, అంటే మధ్యలో ఎవరూ లేచి వెళ్లే అవకాశం లేదన్నమాట. [నవ్వులు]

ముందే ఒక మాట. ఇవాళ నేను చెప్పే ఉదాహరణల్లో ఏ ఒక్కరి కథా పూర్తిగా ఉండదు. వేరువేరు ఇళ్లలో చూసినవి కలిపి, పేర్లూ ఊళ్లూ తీసేసి చెబుతున్నాను, కాబట్టి ‘ఇది ఫలానా వాళ్లమ్మాయి కదూ’ అని పక్కవాళ్ల చెవిలో చెప్పుకోకండి. మారతహళ్లి నుంచి ఇక్కడిదాకా మనవాళ్లంతా ఒకరికొకరు ఏదో ఒక వరసలో చుట్టాలేనని నాకు తెలుసు.

నా దగ్గరికి వచ్చే కుటుంబాలు మొదట నా దగ్గరికి రావు. చేతిలో లావుపాటి ఫైలు పట్టుకుని వస్తారు. పిల్ల తినడం మానేసిందనగానే ముందు గ్యాస్ట్రో డాక్టరు, ఎండోస్కోపీ, తర్వాత థైరాయిడ్ టెస్టు, నెలసరి ఆగిపోయిందని గైనకాలజిస్టు, ఈలోగా ఊరి నుంచి అమ్మమ్మ వచ్చి దిష్టి తీసి, ఎవరో చెప్పిన తాయెత్తు కట్టి వెళ్తుంది. పరీక్షలు వద్దని నేను అనను. పేగుల జబ్బు, థైరాయిడ్, షుగరు లాంటివి లేవని తేల్చుకోవాల్సిందే. కానీ అవన్నీ నార్మల్ అని వచ్చాక కూడా ఇంకో ఆరునెలలు ఇంట్లో ఒకటే ప్రశ్న తిరుగుతూ ఉంటుంది: అసలెందుకు తినట్లేదు? కాలేజీలో ఎవరైనా ఏమైనా అన్నారా, లవ్ ఫెయిల్యూరా, నీట్ టెన్షనా, మా పెంపకంలోనే లోపం ఉందా? తండ్రి తల్లిని అంటాడు, తల్లి ఫోన్‌ని అంటుంది, ఇద్దరూ కలిసి ఇన్‌స్టాగ్రామ్‌ని తిడతారు. ఈ గొడవ తేలేలోపు పిల్ల చిక్కి సగమైపోతుంది.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదొక్కటే. కారణం తర్వాత వెతకొచ్చు, ఆ పనికి తొందరేం లేదు. తిండి విషయంలో మాత్రం తొందర ఉంది.

తిండికి సంబంధించిన ఈ మానసిక జబ్బుల్ని ఈటింగ్ డిజార్డర్లు అంటాం, వాటి పేర్లు గబగబా చెప్పేస్తాను. అనొరెక్సియాలో తిండి బాగా తగ్గించేస్తారు, ఒంటికి ఉండాల్సిన బరువు లేకపోయినా ఇంకా తగ్గాలనే ఉంటుంది. బులీమియాలో అదుపు తప్పి తినేయడం, వెంటనే దాన్ని ఎలాగైనా సరిచేసుకోవాలని వాంతులు, ఉపవాసాలు, ఒళ్లు హూనమయ్యేలా వ్యాయామం. వీళ్లు చూడ్డానికి మామూలు బరువుతోనే ఉండొచ్చు, అందుకే ఇంట్లో ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు. బింజ్ ఈటింగ్‌లో ఆ సరిచేసుకోవడాలు ఉండవు, అదుపు తప్పి తినడం, ఆ తర్వాత చచ్చేంత సిగ్గు. దీన్ని అమెరికా సైకియాట్రిస్టులు తమ పుస్తకంలో విడి జబ్బుగా చేర్చింది 2013లోనే. అనొరెక్సియా మాత్రం పాతది, 1870ల్లోనే లండన్‌లో విలియం గల్ అనే డాక్టరు దానికి ఆ పేరు పెట్టాడు. అప్పటికి ఇన్‌స్టాగ్రామ్ లేదండి. [నవ్వులు] ఫోన్ల పాత్ర ఏమీ లేదని కాదు, ఫోన్ లాక్కుంటే జబ్బు పోతుందనుకోవద్దని చెబుతున్నాను.

మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. సినిమాల్లో చూపించినట్టు పిల్ల అద్దం ముందు నిలబడి ‘లావైపోయాను’ అని ఏడవదు. ‘కడుపు ఉబ్బరంగా ఉందమ్మా’, ‘గొంతు దిగట్లేదు’, ‘ఆకలి లేదు’ అంటుంది. హాంకాంగ్‌లో సింగ్ లీ అనే సైకియాట్రిస్టు 1993లో 70 మంది అనొరెక్సియా రోగుల గురించి రాశాడు, వాళ్లలో సగానికి పైగా మందిలో లావవుతామన్న భయమే కనిపించలేదు. ‘బరువు తగ్గాలనుకుంటున్నావా?’ అని డాక్టరు అడుగుతాడు, పిల్ల లేదంటుంది, అయితే ఇది ఈటింగ్ డిజార్డర్ కాదని ఇంటికి పంపేస్తారు. ఇలా ఇంటికొచ్చేసిన వాళ్లను నేను చాలామందిని చూశాను.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయం దగ్గరికి వస్తాను, కొంచెం ఎక్కువసేపు చెబితే ఏమనుకోకండి. 1944 చివర్లో, రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తుండగా, అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే ఆయన ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. యుద్ధంలో తిండిలేక ఎండిపోయిన జనానికి మళ్లీ తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవాలని. తుపాకి పట్టం అని చెప్పి, దాని బదులు ఇలాంటి పనులకు ఒప్పుకున్న 36 మంది కుర్రాళ్లు. ఒంటికీ మనసుకీ ఏ జబ్బూ లేనివాళ్లనే ఏరి తీసుకున్నారు. వాళ్లకు 24 వారాలు దాదాపు సగం తిండి పెట్టారు. ఏమైందనుకుంటున్నారు? వంట మీద అంతకుముందు ఆసక్తే లేనివాళ్లు వంటల పుస్తకాలు చదవడం మొదలుపెట్టారు. కంచాలు నాకారు. కొంచెం తిండిని గంటల తరబడి సాగదీసి తిన్నారు. ఊరికే చిరాకు, దిగులు, స్నేహితులొద్దు, మాటలొద్దు. తిండి మళ్లీ పెట్టడం మొదలయ్యాక కూడా కొందరికి కడుపు నిండిన భావన చాలాకాలం రాలేదు.

ఇది తల్లిదండ్రులకు చెప్పినప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఎందుకంటే వాళ్లింట్లో అమ్మాయి రాత్రంతా వంట వీడియోలు చూస్తుంది, ఇంటిల్లిపాదికీ కేకులు చేసి పెట్టి తను ముట్టదు, ఒకప్పుడు గలగలా మాట్లాడే పిల్ల ఇప్పుడు ముట్టుకుంటే కసురుతుంది. ఇదంతా పొగరనీ మొండితనమనీ అనుకుంటున్నారు. ఇందులో చాలా భాగం ఆకలి చేసే పని. జబ్బేమీ లేని కుర్రాళ్లకే అలా అయింది. అలాంటి మెదడుని కూర్చోబెట్టి ‘నీ బాధేంటో చెప్పమ్మా’ అని నేను గంటసేపు మాట్లాడినా పెద్దగా ఉపయోగం ఉండదు. మనసు కుదుటపడితే తనే తింటుందిలే అనుకుంటారు అందరూ, కానీ జరిగేది తలకిందులుగా. కొన్ని వారాలు సరిగ్గా తిన్నాక మనసు మాట్లాడటానికి వస్తుంది.

మరి తినని పిల్లతో ఎలా తినిపించాలి? ఇందాక చెప్పిన విలియం గల్, ఇలాంటి రోగుల దగ్గర ఉండటానికి బంధువులు, స్నేహితులు అందరికన్నా పనికిరారని రాశాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు అదే ఆలోచన, పిల్లను ఇంటి నుంచి దూరంగా తీసుకెళ్లిపోవాలని. 1980ల్లో లండన్‌లోని మాడ్స్‌లీ ఆస్పత్రి వాళ్లు దీన్ని తిరగేశారు. ఆస్పత్రిలో నర్సులు దగ్గర కూర్చుని తినిపిస్తే తింటున్నారు, ఇంటికెళ్లాక మళ్లీ మానేస్తున్నారు, కాబట్టి ఆ నర్సుల పని అమ్మానాన్నలకే నేర్పిద్దాం అని. టీనేజి పిల్లలకు ఇప్పుడు ముందుగా చెప్పేది ఈ కుటుంబ చికిత్సే. మొదట్లో ఏం తినాలి, ఎంత, ఎప్పుడు అన్నది పూర్తిగా పెద్దవాళ్ల చేతిలో ఉంటుంది. బరువు, తిండి కుదుటపడుతున్న కొద్దీ ఆ పెత్తనం మెల్లగా పిల్లకు తిరిగి ఇచ్చేస్తారు. చదువు, స్నేహాలు, ఇంట్లో గొడవలు, మనం మొదట్నుంచీ అడగాలనుకున్న ఆ ‘ఎందుకు’లన్నీ చివరి దశలో. షికాగో, స్టాన్‌ఫర్డ్‌లలో 121 మంది పిల్లలతో చేసిన పరిశోధన ఒకటి 2010లో వచ్చింది. చికిత్స అయిపోయిన ఏడాదికి చూస్తే, కుటుంబంతో కలిసి చేసినవాళ్లలో సుమారు సగం మంది పూర్తిగా కోలుకున్నారు, పిల్లతో విడిగా చేసిన థెరపీలో నాలుగో వంతు కూడా కాదు. సగం అంటే మిగతా సగం ఉన్నారని కూడా గుర్తుంచుకోండి. ఇది మంత్రం కాదు.

ఇది ఒక ఇంట్లో ఎలా ఉంటుందో చెబుతాను. పొద్దున ఏడున్నర. కంచంలో ఇడ్లీలు, పైన నెయ్యి, పక్కన కారప్పొడి, పల్లీ చట్నీ. పిల్లకి పదహారేళ్లు. ‘నెయ్యి వేశావు, నేను తినను’ అని కంచం నెట్టేసింది. నెల క్రితం అయితే వాళ్లమ్మ ‘సరేలే, నెయ్యి లేకుండా పెడతా, పోనీ ఒక్కటి తిను’ అనేది, మర్నాడు అర ఇడ్లీ, ఆ మర్నాడు కాఫీ ఒక్కటే, రోజూ బేరమే, రోజూ అమ్మే ఓడిపోయేది. ఈసారి ఆవిడ ‘వేశానమ్మా. ఇది నీ టిఫిను, నేను ఇక్కడే కూర్చుంటాను’ అంది. పిల్ల ఇడ్లీని వేళ్లతో చిదుముతూ కూర్చుంది. తర్వాత ఏడుపు, తర్వాత ‘నువ్వు నన్ను చంపేస్తున్నావు, నువ్వసలు అమ్మవేనా’ అని అరుపులు. ఆవిడ పోషకాహారం మీద లెక్చరివ్వలేదు, నీకోసం నేనెంత త్యాగం చేశానో తెలుసా అనలేదు. ‘భయమేస్తోందని తెలుసు. తర్వాతి ముక్క తీసుకో’ అంది. అదే మాట, అదే గొంతుతో, మళ్లీ మళ్లీ. వాళ్లాయన లోపల్నుంచి వచ్చి ‘పోనీలేవే, ఏడుస్తోంది కదా’ అనబోయాడు, ఆవిడ చూసిన చూపుకి వెళ్లి తనూ ఒక కంచం తెచ్చుకుని కూర్చున్నాడు. [నవ్వులు] గంట పైనే పట్టింది. అయిపోయాక చప్పట్లు కొట్టలేదు, ‘భేష్, ఎంత బాగా తిన్నావో’ అని పొగడలేదు, ఎందుకంటే తిన్న వెంటనే ఆ పిల్లకి లోపల తప్పు చేసినట్టే ఉంటుంది, మనం పొగిడితే అది రెండింతలవుతుంది. కంచాలు తీసేసి ముగ్గురూ పాత కామెడీ సీన్లు చూస్తూ కూర్చున్నారు. తిన్న తర్వాత గంటసేపు పక్కన మనిషి ఉండటం చాలా ముఖ్యం.

మళ్లీ పదకొండింటికి పాలు, ఒంటిగంటకి భోజనం. అర్థమైందిగా, ఇది రోజుకి ఐదారుసార్లు. ఆవిడ ఆఫీసులో మేనేజరుతో మాట్లాడి వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకుంది. అందరికీ అది కుదరదు, కుదరనివాళ్లు అత్తగారినో, పిన్నినో, పక్క ఫ్లాట్ స్నేహితురాలినో పెట్టుకున్నారు. ఎవరు కూర్చున్నా మాట ఒక్కటే ఉండాలి. అమ్మ ఒకటి, నాన్న ఒకటి, నానమ్మ ఇంకొకటి చెబితే జబ్బు ఆ సందులోంచి దూరిపోతుంది. అలాగే ‘నన్ను చంపేస్తున్నావు’ అన్నది పిల్ల మాటగా తీసుకోవద్దు, జబ్బు మాటగా తీసుకోండి. చెప్పడం తేలికే, వింటున్నప్పుడు గుండె చెరువైపోతుంది, తెలుసు. అందుకే నేను సెషన్‌లో పిల్లను ఎంత అడుగుతానో తల్లిదండ్రుల్ని కూడా అంత అడుగుతాను: నిద్రపోతున్నారా, మీరు తింటున్నారా, రెండో పిల్లాడిని ఎవరు చూస్తున్నారు?

చుట్టాల సంగతి. కాస్త కోలుకుని పిల్ల మొదటిసారి పెళ్లికి వెళ్తుంది, ఎవరో అత్తయ్య గడ్డం పట్టుకుని ‘ఇప్పుడు ఒళ్లు చేశావే, ముఖం కళకళలాడుతోంది’ అంటుంది. ప్రేమతోనే అంటుంది. పిల్ల చెవికి అది ‘లావైపోయావు’ అని చేరుతుంది, ఆ రాత్రి భోజనం మళ్లీ యుద్ధం. చిక్కినప్పుడు ‘ఏం డైట్ చేస్తున్నావే, మాకూ చెప్పు’ అన్నది కూడా ఈ అత్తయ్యే అయి ఉంటుంది. ఒంటి గురించి అసలు మాట్లాడకండి, మంచిగా కూడా. చదువు అడగండి, చీర రంగు అడగండి. మనం కూడా బొబ్బట్టు తింటూ ‘రేపు ఉపవాసం ఉండాలి బాబోయ్’ అనడం మానేద్దాం, పిల్లలు అన్నీ వింటుంటారు.

ఇక పీజీల్లో ఉండేవాళ్లు. బీటీఎంలోనో మారతహళ్లిలోనో ముగ్గురు షేరింగ్ గది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వయసు పాతికలోపు. అమ్మ ఒంగోలులోనో అనంతపురంలోనో ఉంటుంది, ఎదురుగా కూర్చునేవాళ్లు ఎవరూ లేరు. వాళ్లు నా దగ్గరికి వచ్చి చెప్పేది ఒకటే, ‘రాత్రి పదకొండుకి స్విగ్గీలో ఆర్డర్ పెట్టుకుని ఆపుకోలేక తినేస్తున్నాను, తర్వాత అంతా కక్కేస్తున్నాను, నాకు విల్‌పవర్ లేదు.’ పొద్దున ఏం తిన్నావంటే ఏమీ లేదు. మధ్యాహ్నం? ఆఫీసులో సలాడ్. నిన్న రాత్రి తిన్నందుకు ఇవాళ పగలంతా శిక్ష, పగలంతా మాడినందుకు రాత్రి మళ్లీ అదే. పెద్దవాళ్లకు బాగా పనిచేసే థెరపీ ఒకటి ఉంది, ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ తయారుచేసిన సీబీటీ పద్ధతి, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ కలిపి మార్చే థెరపీ. సాధారణంగా 20 వారాలు, 20 సెషన్లు, బరువు బాగా తక్కువున్నవాళ్లకి ఇంకా ఎక్కువ. అందులో మొట్టమొదట చేయించేది మూడు పూటలా భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి, ఎక్కడా నాలుగు గంటలకు మించి ఖాళీ లేకుండా. ఆకలేసినా వేయకపోయినా గడియారం చూసి తినడమే, ఎందుకంటే ఆకలి గురించి ఒళ్లు చెప్పే కబుర్లు ఇప్పుడు నమ్మేలా లేవు. ‘రాత్రి తిండి ఆపించమని వస్తే పొద్దున తినమంటారేంటి మేడమ్’ అని ఒకబ్బాయి నాతో గొడవపెట్టుకున్నాడు. పీజీ ఉప్మా తినడం మొదలుపెట్టిన కొన్ని వారాలకు రాత్రుళ్లు ఆర్డర్లు తగ్గాయి. పీజీ ఉప్మా రుచికి నాది పూచీ కాదు. [నవ్వులు]

తిన్నది, అప్పుడు మనసులో ఏమనిపించింది అన్నది వెంటనే రాసుకోమంటాం. క్యాలరీలు రాయొద్దంటాం, ఫోన్లో ఆ లెక్కల యాప్‌లు ఉంటే తీసేయమంటాం. బులీమియాకు సైకియాట్రిస్టులు ఫ్లూయాక్సిటిన్ అనే మందు ఇస్తారు, పనికొస్తుంది. అనొరెక్సియాకు మాత్రం తిండికి బదులయ్యే మాత్ర ఏదీ లేదు.

ఇక్కడ కొంచెం భయపెడతాను. మానసిక జబ్బుల్లో అనొరెక్సియా ప్రాణాంతకమైన వాటిలో ఒకటి. చాలాకాలం తిండి లేనివాళ్లకు ఒక్కసారిగా ఎక్కువ పెడితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండె దెబ్బతినొచ్చు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత విడుదలైన ఖైదీల్లో ఇది చూశారు. కాబట్టి బాగా చిక్కిపోయినవాళ్లకు ఇంట్లో మీ అంతట మీరు మొదలుపెట్టకండి, ఫిజీషియన్ చూసి రక్తపరీక్షలు, ఈసీజీ చేయించి ఎలా పెంచాలో చెప్పాలి. వాంతులు చేసుకునేవాళ్లలో పొటాషియం పడిపోతుంది, గుండె లయ తప్పుతుంది. కళ్లు తిరిగి పడిపోవడం, గుండె దడ, నాడి మరీ నెమ్మదించడం, మంచినీళ్లు కూడా వద్దనడం, చచ్చిపోవాలని ఉందనడం, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. రిపోర్టు నార్మల్ వచ్చిందని ధైర్యపడకండి, బాగా ముదిరేదాకా రక్తపరీక్షలు నార్మల్‌గానే ఉండొచ్చు. హార్మోన్ మాత్రలతో నెలసరి వచ్చిందని కూడా సంబరపడొద్దు, అది మాత్ర తెప్పించినది, ఒళ్లు కోలుకుని తెచ్చుకున్నది కాదు.

మన ఊళ్లో హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ ఉంది, మానసిక జబ్బులు చూసే పెద్ద ప్రభుత్వ ఆస్పత్రి. క్యూ ఉంటుంది, ఓపికతో వెళ్లండి. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం మొదలుపెట్టింది, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రైవేటుగా వెళ్తే క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, అడిగితే మేమేం నొచ్చుకోం. ఈటింగ్ డిజార్డర్లు చూసిన అనుభవం ఉందా, తల్లిదండ్రుల్ని సెషన్‌లో కూర్చోబెడతారా అని కూడా అడగండి. పిల్లకి తెలుగులోనే ఏడుపొస్తుందనుకుంటే తెలుగు వచ్చినవాళ్లనే వెతకండి.

ఎన్నాళ్లు పడుతుందని అందరూ అడుగుతారు. బోస్టన్‌లో అనొరెక్సియా ఉన్న ఆడవాళ్లను ఏళ్ల తరబడి వెంబడించి చూశారు, తొమ్మిదేళ్లకు మూడో వంతు మంది కోలుకున్నారు, 22 ఏళ్లకు దాదాపు మూడింట రెండొంతులు. వాళ్లు జబ్బు ముదిరాక పెద్దాస్పత్రికి వచ్చినవాళ్లు, తొందరగా పట్టుకున్న టీనేజి పిల్లలకు అంతకాలం పట్టాలని లేదు. కానీ పదేళ్లయినా తగ్గలేదు కాబట్టి ఇక తగ్గదు అనేవాళ్లకి ఈ లెక్క చెబుతుంటాను.

ప్రశ్నలు అడగండి.

[ఒక తండ్రి: మా అబ్బాయి జిమ్‌కి వెళ్తాడండి, ప్రొటీన్ పౌడరు, కోడిగుడ్లు, అన్నం ముట్టడు. ఇదీ జబ్బేనా?]

జిమ్ జబ్బు కాదండి. ఒక్కరోజు జిమ్ మూసేస్తే ఏమవుతాడో చూడండి. చిరాకుపడి ఊరుకుంటే ఫర్వాలేదు. ఆ రోజంతా తిండి మానేసినా, చెల్లెలి పెళ్లిలో కూడా డబ్బా తెచ్చుకుని తింటున్నా, స్నేహితులతో బయటికి వెళ్లడం ఆపేసినా, మాట్లాడాల్సిందే. మగపిల్లల్ని ఇంట్లోవాళ్లు చాలా ఆలస్యంగా తీసుకొస్తారు, ఎందుకంటే చుట్టూ అందరూ మెచ్చుకుంటుంటారు.

[ఒక మహిళ: మా పాప శనివారాలు, ఏకాదశి, కార్తీక సోమవారాలు అన్నీ ఉపవాసం ఉంటోంది. దేవుడి విషయం, వద్దని ఎలా అంటాం?]

జ్వరం వచ్చినవాళ్లను మీరు ఉపవాసం ఉండనిస్తారా? ఉండనివ్వరు, దేవుడేం అనుకోడని మీరే చెప్తారు. ఇదీ అంతే, చికిత్స నడిచినన్నాళ్లూ ఉపవాసాలు లేవు. పూజ చేసుకోనివ్వండి, దీపం పెట్టుకోనివ్వండి, ప్రసాదం మాత్రం కూర్చోబెట్టి తినిపించండి. కావాలంటే మీ పూజారిగారితో ఒక మాట చెప్పించండి, కొందరు పిల్లలు నా మాటకన్నా ఆయన మాట వింటారు.

[ఒక పెద్దావిడ: నాకు ఇలాంటి మనవరాలే ఉందమ్మా. పండక్కి వస్తోంది. ఏం వండమంటావు?]

ముందు మీ అమ్మాయికి ఫోన్ చేసి, ఈ వారం పిల్ల ఏమేం తింటోందో, ఎన్నింటికి తింటోందో కనుక్కోండి పెద్దమ్మగారూ, ఆ టైములు మీ ఇంట్లో కూడా తప్పకూడదు. ‘నీకిష్టమని అరిసెలు చేశాను, తినకపోతే నామీద ఒట్టే’ అనకండి. వడ్డించే పని మీ అమ్మాయికే వదిలేయండి. పండగరోజు ఇంటికి ఎవరెవరు వస్తున్నారో పిల్లకి ముందే చెప్పండి, జనం ఎక్కువుంటే తను, వాళ్లమ్మ లోపల గదిలో కూర్చుని తింటారు, దానికెవరూ ఏమీ అనకుండా చూడండి. భోజనం అయ్యాక పిల్లని మీ పక్కన కూర్చోబెట్టుకుని పూలమాల కట్టించండి, లేకపోతే పేకాట ఆడండి, మీకు వచ్చా? వచ్చా! అయితే ఇంకేం కావాలి.